మడుగుని మేమే తిట్టుకోవాలి

కాలవలో పూడిక తీయించి మడుగు నింపుతానని చెప్పి, నీటిగుర్రం అడవి ఎన్నికల్లో గెలిచి పెద్దరికం సంపాదించింది. గెలిచిన రోజే ఆ కాలవకి అడ్డంగా పడుకుంది. మడుగు సగానికి ఎండింది. అందులోని కప్పలు పొద్దస్తమానం ఆ మడుగుని తిట్టుకునేవి.

ఒకరోజు పొరుగు సరస్సు నుంచి బాతు వచ్చి, "ఇదీ ఒక మడుగేనా?" అని మూతి తిప్పింది.

కప్పలన్నీ దాని మీదికి లేచాయి. "బాగోలేదని మేమనాలి, నువ్వెవరు అనడానికి? ఈ బురదలోనే ఎన్ని కలువలు పూశాయో చూడు. మాలాగా పాడేవాళ్లు మీ సరస్సులో ఉన్నారా?"

బాతు వచ్చిన దారినే ఎగిరిపోయింది.

నీటిగుర్రం పడుకున్న చోటే మురిసిపోయింది. "నన్నెంత బాగా వెనకేసుకొచ్చారర్రా."

ముసలి కప్ప నవ్వింది. "వెనకేసుకొచ్చింది మా మడుగుని, దొరా. తమరు కాస్త లేవండి, నీళ్లు రావాలి."