అరుగుదల ఛార్జీ

ఆ కారు మీద ఒక్క గీత లేకపోయినా సరే, ఛార్జీ వేయాలని కృపమణి ముందే నిశ్చయించుకుంది.

కర్నూలు ఊరి బయట, లీజు కార్లు తిరిగి అప్పజెప్పే యార్డు అది. వచ్చిన ప్రతి బండినీ పరీక్షించి, ఎంత దెబ్బతిందో తేల్చి, దానికి ఛార్జీ వేయడం ఆమె పని. ఈ తెల్లకారు ఎప్పుడు వస్తుందా అని ఉద్యోగంలో చేరిన నాటినుంచీ కాచుకుని ఉంది.

కారు దిగినవాడు భూపేష్. బనగానపల్లె మామిడి వ్యాపారి. నల్లకళ్లద్దాలు తీయకుండానే తాళాలు బల్ల మీద విసిరాడు.

కృపమణి కారు చుట్టూ తిరిగింది. సీటు గుడ్డ వెలిసిందంది. టైర్లు అరిగాయంది. పిడి దగ్గరున్న గోటిగీతలకు తలుపు మొత్తానికీ పెయింటు వేయాలంది.

భూపేష్ మండిపడ్డాడు.

"ఏంది మేడం ఈ అన్యాయం? మూడేండ్లు తిప్పిన బండికి టైర్లు అరగవా? సీటు నలగకూడదంటే నిలబడుకొని నడపల్లా?"

"నేను చూసింది నేను చెప్తాండా సార్. కట్టేది మీరు."

కొత్తగా చేరిన శామ్ పక్కనే ఫొటోలు తీస్తున్నాడు. ఆమె వరస చూసి ఉండబట్టలేక పక్కకు పిలిచాడు.

"అక్కా, ఇదంతా మామూలు అరుగుదలే కదా. ఇంతవరకు ఎవరికీ వేయలేదు. ఈయప్ప మీద నీకేం పగ?"

"నువ్వు ఫొటోలు తీయప్పా."

ఆమె కారు ముందు బంపరు మీద చెయ్యి పెట్టింది. వెంటనే వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

"ఇది కొత్త బంపరు. పాతది విరిగిన పొద్దు బండి నడిపింది మీ డ్రైవరని మా రికార్డులో ఉండాది. లీజు మీ పేరున. ఇంకొకరి చేతికిస్తే ఇంజన్ కాడ నుంచి క్లచ్ దాకా మొత్తం అరుగుదల మీరే కట్టల్లా."

మొత్తం ఎంతవుతుందో లెక్క చెప్పింది. భూపేష్ కళ్లద్దాలు తీశాడు.

"డ్రైవరు లేడు గీవరు లేడు. అది పైకి చెప్పిన మాట."

"ఎట్ల నమ్మేది? క్లచ్ చూస్తేనే తెలుస్తాంది సార్. నడపడం రానోళ్ల చేతిలో పడిన బండి ఇది."

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"ఎవరికి రాదు? మీసాలు రాకముందు నుంచీ నడుపుతాండా! ఈ స్టీరింగ్ నేను తప్ప ఇంకొకడు ముట్టుకోలేదు!"

"బంపరు విరిగిన పొద్దు కూడానా?"

భూపేష్ అటూ ఇటూ చూశాడు. వాళ్లిద్దరూ, ఎండకు కాగుతున్న కార్లూ తప్ప ఎవరూ లేరు. అదంతా ఎప్పుడో ముగిసిపోయిందన్న ధీమా అతని ముఖంలో మళ్లీ వచ్చి కూర్చుంది.

"ఆ పొద్దు కూడా నేనే. కోడుమూరు దాటినాక మలుపులో. డ్రైవరు బండిలోనే లేడు, వాళ్లింట్లో పండుకోనుండాడు. చాలునా?"

"చాలదు సార్. ఛార్జీలు కొట్టేయాలంటే ఇదే మాట కెమెరా ముందు చెప్పల్లా. మీ పేరు, తేదీ, చోటు."

శామ్ ఫోన్ ఎత్తి పట్టాడు. భూపేష్ కాలరు సర్దుకుని, గొంతు సవరించుకుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు.

కృపమణి ఛార్జీలన్నీ కొట్టేసింది. టైర్లు, సీటు, తలుపు, క్లచ్, ఒక్కటీ మిగల్చలేదు.

"గట్టిగా నిలదీస్తే గానీ దారికి రారు మీరు," అని నవ్వాడు భూపేష్. "ఇంకోసారి నాతో పెట్టుకోవద్దమ్మా." ఆటో ఎక్కి దర్జాగా పోయాడు.

శామ్ నోరు తెరిచి ఆమె వైపు చూశాడు.

"ఇంత రచ్చ చేసి, కడాకు అన్నీ వదిలేస్తివే అక్కా! ఆయప్పే గెలిచిపోయె."

కృపమణి ఆ వీడియోను తన ఫోన్‌లోకి పంపించుకుని, మొదటి నుంచి చివరిదాకా మరోసారి విన్నది.

కోడుమూరు మలుపులో ముసలాయనను గుద్ది చంపింది తన డ్రైవరేనని భూపేష్ కోర్టులో చెప్పిన సాక్ష్యం మీద, కడప జైల్లో శిక్ష అనుభవిస్తున్నది ఆమె భర్త దావీదురాజు.