కొండ పూసేదాకా

పసుపుమడి గట్టు దగ్గర తగువైన రోజున చిలకమ్మ తన చెల్లెలు పండమ్మ మీద కోపంతో ఒట్టేసింది. కొండ మళ్ళీ పూసేదాకా దానితో మాట్లాడనంది.

ఊరి పైనున్న గడ్డికొండ మీద నీలకురింజి పొదలు పన్నెండేళ్లకోసారి పూస్తాయి. ఆ ఊళ్లో ఎంత పెద్ద ఒట్టయినా ఆ పూతతో తీరిపోతుంది.

ఇప్పుడేమో ఏ మొక్కనైనా ఫోన్లో నొక్కి పూయిస్తున్నారు. చిలకమ్మ పెరట్లో ఆనపపాదు కూడా అలాగే పూస్తుంది. తగువు జరిగి రెండేళ్లయినా కాలేదు, శనివారం టూరిస్టుల కోసం కొండంతా నీలంగా పూయించేశారు.

మర్నాడు పొద్దున్నే చిలకమ్మ వాకిట్లో చేటతో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతుంటే పండమ్మ వచ్చింది.

"అప్పా, కొండ పూసినాది. ఆ చేట ఇలాగియ్యి, చోళ్లు నాను చెరుగుతాను."

చిలకమ్మ చెరగడం ఆపి తలెత్తింది. కొండ చూస్తే నిజంగానే నీలంగా ఉంది.

"అదీ ఒక పూతేటే? ఒక్క తేనెటీగైనా రానేదు. నొక్కితే పూసింది, మళ్ళీ నొక్కితే రాలిపోద్ది. నా ఒట్టు తీరనేదు!"

"తీరకపోతే నాతో ఏల మాటాడతన్నావు?"

చిలకమ్మ గబుక్కున నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కొండ పూసిందో లేదో ఆమెకు ఇంకా తేలలేదు. చేట మాత్రం అప్పటికే చెల్లెలి చేతిలో ఉంది.