అభ్యంతరం ఉన్నవారు

“పెద్దాయనా, పోయినేడు చెప్పిందే మళ్ళీ చెబుతున్నారు. కూర్చోండి. జవాబు పోస్టులో ఇంటికి పంపిస్తారు” అన్నారు గ్యాస్ ధరల నియంత్రణ మండలి అధ్యక్షులు, కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకుంటూ.

బేకరీ పెద్దాయన కూర్చోలేదు. మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

“పోస్టులో వద్దండీ. అభ్యంతరం చెప్పినవాడికి కంపెనీ లేచి నిలబడి ఎదురుగా జవాబు చెప్పాలని మీ రూలే ఉంది. నాకు ఎదురుగానే కావాలి.”

హాల్లో నవ్వులు లేచాయి. పక్క కుర్చీలోని హోటలాయన ఆయన చొక్కా పట్టి లాగాడు. “ఏంటన్నా ఈ పంతం? పెంచేవాళ్ళు ఎలాగూ పెంచుతారు. గోడకి చెప్పుకున్నట్టే గదా!”

నిజం చెప్పాలంటే, పైపు గ్యాస్ ధర పెరిగితే తన బన్నుల మీద ఎంత భారం పడుతుందో పెద్దాయన లెక్కే వేసుకోలేదు. కంపెనీ బల్ల దగ్గర నల్లకోటు వేసుకుని, తలొంచుకుని ఫైలు తిప్పుతున్న లాయరు ఆయన కూతురు. ఇద్దరి మధ్యా మాటలు తెగిపోయి ఏళ్ళయింది. తప్పెవరిదో ఇద్దరూ మర్చిపోయారు గానీ, ముందు ఎవరు పలకరించాలన్న దగ్గర మాత్రం ఇద్దరూ భీష్మించుకుని కూర్చున్నారు. ఫోన్లో నంబరుంది, నొక్కడానికి వేలు రాదు. వీధిలో ఎదురుపడితే చెరో సందులోకి తిరుగుతారు. తండ్రికి తగ్గ బిడ్డ మరి! ఆమె ఆయన మొహం చూసి మాట్లాడి తీరాల్సిన చోటు భూమ్మీద ఈ హాలు ఒక్కటే. అందుకే ధరల విచారణ జరిగిన ప్రతిసారీ ఆయనకో అభ్యంతరం పుట్టుకొచ్చేది.

అధ్యక్షులు నిట్టూర్చారు. “సరే. కంపెనీ తరఫున చెప్పండి.”

లాయరు లేచింది. పెద్దాయన మైకు వదిలేసి తల కాస్త ముందుకు వంచాడు. చిక్కిపోయింది పిల్ల, అనుకున్నాడు.

“ధర పెరిగితే తన పొయ్యి నడవదని ఈ వినియోగదారుడి అభ్యంతరం.” ఆమె కాగితం చూసి చదివింది. “పైపులైన్ల మరమ్మతు ఖర్చు పెరిగింది కాబట్టి పెంపు తప్పడం లేదు. పైగా వీరి పొయ్యి బాగా పాతది, గ్యాస్ ఎక్కువ తాగుతుంది. బర్నర్లు మార్చుకోమని పోయినసారే చెప్పాం.”

“మార్చానండీ లాయరు గారూ. మీరు చెప్పిన వారంలోనే మార్చాను.”

ఆమె తలెత్తింది. “పొయ్యి దగ్గర కిటికీ?”

“అది... బిగుసుకుపోయిందండీ. రావడం లేదు.”

“వడ్రంగిని పిలిపించి తెరిపించాలి. గ్యాస్ పొయ్యి ఉన్న గదికి గాలి ఆడాలి. వయసు పైబడిన వినియోగదారులు తెల్లారగట్ల ఒక్కరే పొయ్యి వెలిగించకూడదు. పక్కన మనిషి ఉండాలి.”

“పక్కన ఎవరున్నారండీ?” అనేశాడు పెద్దాయన.

ఆమె కాగితంలో వెతికింది.

“లాయరు గారూ, ధర సంగతి చెప్పండి. కిటికీల గొడవ మనకెందుకు?” పక్కనుంచి గొణిగాడు కంపెనీ మేనేజరు.

“కంపెనీ జవాబు ఇంతే” అని ఆమె కూర్చుంది.

ఇంకొక్క మాట వినాలని పెద్దాయన ప్రాణం కొట్టుకుపోయింది. తిట్టినా సరే. కానీ విచారణలో మనిషికి ఒక్క అభ్యంతరమే, అదీ ఇక్కడి రూలే. గుమాస్తా వచ్చి మైకు పట్టుకుపోయాడు. పెద్దాయన కుర్చీలో కూలబడి విన్న మాటల్ని ఒకటికి రెండుసార్లు మననం చేసుకున్నాడు. బర్నర్లు, కిటికీ, పక్కన మనిషి. మళ్ళీ ఏడాది దాకా వీటితోనే సరిపెట్టుకోవాలి.

అధ్యక్షులు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. “ఇంకో సంగతి. ఇంత చిన్న పెంపులకి ఇంతమంది పనులు మానుకుని రావడం దేనికని మేనేజరు గారు అడిగారు. మాకూ సబబుగానే ఉంది. వచ్చే ఏడాది నుంచి ఈ విచారణలు ఉండవు. అభ్యంతరాలూ జవాబులూ అన్నీ పోస్టులోనే. ఈ మార్పు మీద అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పండి. ఒక్కరు వద్దన్నా విచారణలు ఎప్పట్లాగే సాగుతాయి.”

“పీడా పోయింది!” హోటలాయన చప్పట్లు కొట్టాడు. మేనేజరు మొహం చాటంత అయింది. పెద్దాయన మాత్రం గబుక్కున చెయ్యెత్తాడు.

“మీది అయిపోయింది పెద్దాయనా. మనిషికి ఒక్కటే.”

ఆయన హోటలాయన చెయ్యి పట్టుకున్నాడు. “తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా. నువ్వు చెప్పు, అభ్యంతరం ఉందని.”

“నీకేమన్నా పిచ్చా అన్నా? పొద్దుటి బేరం పోగొట్టుకుని ఏటేటా ఇక్కడికెవడొస్తాడు?”

వెనక వరసల వాళ్ళు అప్పుడే సంచులు సర్దుకుంటున్నారు. పెద్దాయన ఒక్కొక్క మొహమే చూస్తూ పోయాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. కూతురి వైపు చూసే ధైర్యం లేక తల దించేసుకున్నాడు. ఇక ఆ గొంతు వినపడదు. పోస్టులో వచ్చే కాగితానికి గొంతు ఉండదు గదా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఎవరూ లేరుగా? అయితే సంతకం పెట్టేస్తున్నాను.” అధ్యక్షులు పెన్ను తీశారు.

“నాకుంది అభ్యంతరం” అంటూ, మేనేజరు కోటు పట్టి లాగుతున్నా వినకుండా, చెయ్యెత్తి నిలబడింది కంపెనీ లాయరు.