రాతి మీద లేని పంక్తి

సరళను తన పత్రికకు సంపాదకురాలిగా నియమించే కాగితం మీద చంద్రమౌళి సంతకం పెట్టబోతున్నాడు.

"జర ఆగుండ్రి సార్," అంది సరళ.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జనగామ అట్టుడికినప్పుడు కూడా ఆయన ఆపకుండా నడిపిన చరిత్ర పత్రిక అది.

"ఏందమ్మా, భయమైతుందా?"

"గిది చెప్పకుండ మీ కుర్చీల కూసోలేను. మీరు అచ్చేసిన రేగొండ శాసనం చూసొచ్చిన. ఆఖరి పంక్తి రాతి మీద లేదు సార్. ఆడ రాయే పగిలింది."

చంద్రమౌళి కళ్లద్దాలు తీశాడు. ఆ పంక్తి ఆయన ఊహించి పూరించిందే. ఆ మాట చెప్పడం అప్పుడు మరిచాడో, మానేశాడో. ఇప్పుడది బడి పుస్తకాల్లో కూడా ఉంది.

"ఎప్పుడు చూసినవ్?"

"మూడేండ్లయింది."

"మరి చెప్పలేదేంది?"

"మీ పేరు ఖరాబైతదని. ఎవ్వరికీ చెప్పలే."

ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు.

"నా తప్పు మూడేండ్లు దాచినవ్. రేపు ఇంకెవరిది దాస్తవో?"

ఆయన నియామక పత్రం పక్కకు జరిపి, తెల్లకాగితం ఆమె ముందుంచాడు.

"ముందు గా తప్పు గురించి రాయి. అచ్చయినంక దీని మీద సంతకం పెడత."

సరళ 'సవరణ' అని రాసి ఆగిపోయింది.

"నా పేరుతోనే మొదలుపెట్టు," అన్నాడాయన, కిటికీ వైపు తిరిగి.