చేయూపే కిటికీ

ఆ రోజు ఉదయం ఏడుంపావుకి, పనికెళ్ళే తల్లుల పిల్లల్ని పగలు చూసుకునే బోదిల్ ఇంట్లో ఉన్నవాళ్ళు: బోదిల్, కుంటుతూ నడిచే ఆమె ముసలి కుక్క, ఓట్స్ జావ తింటున్న మూడేళ్ళ ఆస్గెర్, తినకుండా చెంచాతో బల్ల వాయిస్తున్న రెండున్నరేళ్ళ తోవ. తెల్లవారకముందే వచ్చి మళ్ళీ నిద్రపోయిన ఏడాది పిల్లాడు ఎస్కిల్, ఆ ఊళ్ళో పసివాళ్ళంతా పడుకున్నట్టే ఆరుబయట చలిగాలిలో, పెరట్లో, వంటింటి కిటికీ కింద, పిల్లల బండిలో ఉన్ని దుప్పట్ల మధ్య ఉన్నాడు. వాణ్ణీ ఇంట్లోవాడిగానే లెక్కవేయాలి. ఇక బూట్లు విప్పకుండా గుమ్మం లోపలి పట్టా మీద నిలబడ్డ మారెన్, ఆమె మెడకి వేలాడుతున్న కొడుకు బిర్క్.

"దించు వాణ్ణి," అంది బోదిల్. "ఇవాళ మూడో రోజు."

"దించితే ఏడుస్తాడు."

"ఏడవనీ. పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉన్నారు. మధ్యాహ్నానికి జావ గిన్నెలు నాకేసి ఆడుకుంటారు."

మారెన్ జేబులో ఫోన్ ఆ ఉదయం రెండోసారి మోగింది. తీసి పేరు చూసి, ఎత్తకుండానే మళ్ళీ జేబులో పెట్టుకుంది.

"మీ వాళ్ళేనా?"

"వాళ్ళే."

"నిన్న ఎంత ఆలస్యమైంది?"

"నలభై నిమిషాలు. మొన్నయితే వదల్లేక వీణ్ణి చంకనేసుకునే పోయాను. ఆ రోజు అక్కడ జరిగింది అడగకు." మారెన్ గోడ గడియారం వైపు చూసింది. "ఇవాళ ఏడున్నరకి తలుపు తెరవకపోతే ఇంక నా పని అయిపోయినట్టేనని చెప్పేశారు."

"మరి ఇంకా నిలబడ్డావేం?"

"వీడు కొరుకుతాడు, బోదిల్."

"ఎవరిని?"

"నన్నెవరు ముట్టుకుంటే వాళ్ళని."

"ఇక్కడ నిన్నెవరు ముట్టుకుంటారు? నువ్వు వెళ్ళిపోతావుగా!"

మారెన్ మోకాళ్ళ మీద కూర్చుని బిర్క్‌ని దించింది. వాడి మంచు కోటు జిప్పు సగం కిందికి లాగింది, మళ్ళీ పైకి లాగింది. ఆమె బూట్ల నుంచి కరిగిన మంచు పట్టా దాటి పారుతోంది. తోవ చెంచా పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. దాని ముక్కు కారుతోంది. మారెన్ అటు చూడకుండానే జేబులోంచి కాగితం రుమాలు తీసి దాని ముక్కు తుడిచింది, జారిన మేజోడు పైకి లాగింది, జావ అంటిన చొక్కా చేతి అంచు మడత పెట్టింది. తోవ చక్కగా ఆమె ఒళ్ళో కూర్చుంది.

బిర్క్ నోరు తెరిచాడు.

వాడి పళ్ళకి దొరికింది ఉన్ని చొక్కాయే అయినా తోవ ఇల్లెగిరిపోయేలా అరిచింది. కుక్క బల్ల కిందకి దూరింది. "కొరికాడు! కొరికాడు!" అని ఆస్గెర్ పండగ చేసుకున్నాడు. పెరట్లో ఎస్కిల్ కూడా లేచి అందుకున్నాడు.

మారెన్ కొడుకుని ఎత్తుకుని లేచింది. "నావల్ల కాదు. తీసుకుపోతాను."

"ఎక్కడికి? మొన్న కొరికిన చోటికేనా?"

బోదిల్ ఆమె చేతుల్లోంచి బిర్క్‌ని తీసుకుని వీధి వైపు కిటికీ దగ్గరున్న పీట మీద నిలబెట్టింది. ఆ ఇంట్లో పిల్లలంతా ఆ పీట ఎక్కే అమ్మకి చేయూపుతారు. చేయి ఊపాక అమ్మ వెనక్కి రాకూడదు. అదొక్కటే అక్కడి నియమం.

"తెలుసుగా?" అంది బోదిల్. "ఒక ముద్దు..."

"...ఒక టాటా, వెనక్కి చూడకుండా నడక," అని మారెన్ గబగబా పూర్తి చేసింది.

"నోటికి బాగానే వచ్చు. కాళ్ళకే రాదు."

మారెన్ ముద్దు పెట్టి బయటికి వెళ్ళింది. గేటు దాకా వెళ్ళి ఆగింది. తిరిగొచ్చి గంట నొక్కింది.

"చేతి తొడుగులు మర్చిపోయాను."

"చేతులకే ఉన్నాయి."

మారెన్ చేతులు చూసుకుని మళ్ళీ వెళ్ళింది. ఈసారి గేటు తీసింది, రోడ్డు మీద నాలుగడుగులు వేసింది. ఫోన్ మోగింది. అది మోగుతుండగానే పరుగున వచ్చి మళ్ళీ గంట నొక్కింది.

"ఇప్పుడేంటి?"

"ఏడుస్తున్నాడా?"

"లేదు."

"లేదా?" మారెన్ ముఖం చిన్నబోయింది. "ఎందుకేడవట్లేదు?"

"తోవ కూడా పీటెక్కింది. ఇద్దరూ అద్దం మీద ఊదుతూ వేలితో గీతలు గీస్తున్నారు."

"తోవతోనా? కొరకలేదా?"

"ఎందుకు కొరుకుతాడు? నువ్వు మధ్యలో లేవుగా."

"ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను. వాడికి కనపడను." మారెన్ బూటు గుమ్మం లోపల పెట్టింది. జేబులో ఫోన్ మళ్ళీ మోగింది.

"ఎన్నోసారి?" అంది బోదిల్.

"నాలుగోసారి. నలుగురూ ఒక్కొక్కసారి."

"టైమెంతయింది?"

"ఏడూ ముప్ఫై మూడు."

బోదిల్ తన ఉన్ని చెప్పుతో మారెన్ బూటుని గుమ్మం బయటికి నెట్టింది.

"ఒక ముద్దు, ఒక టాటా అని రోజూ నీ ఇంటి గుమ్మంలో ఆ నలుగురు తల్లులకి నువ్వు చెప్పే మాటే కదే ఇది! నీ దగ్గర వదిలే పిల్లలు నలుగురూ నీ మెట్ల మీద మంచులో నిలబడున్నారు. పో, పోయి వాళ్ళ ముక్కులు తుడువు," అని తలుపు మూసేసింది.