రెండు స్టేషన్ల ముందు

"ఏ ఊరక్కా ఇది?" అని చెల్లెలు అడిగేసరికి అక్క గుడ్డముక్కలతో ఆ చిత్రం కుట్టడం మొదలుపెట్టి నెల దాటింది.

"పేరు చూసుకోలేదు. రైలు ఆగింది, దిగిపోయాను."

"నువ్వా? ఒక్కదానివీ? వీధి చివర మందుల షాపుకి కూడా నన్ను తోడు రమ్మంటావు కదా."

"నేను దిగాల్సింది ఇంకో రెండు స్టేషన్ల తర్వాత. ఊరికే దిగాను."

చెల్లెలు నవ్వింది. అక్క నోటి నుంచి ఒకేసారి ఇన్ని మాటలు వచ్చి చాలా కాలమైంది. ఇంకేమైనా చెబుతుందేమోనని కాసేపు చూసింది. ఆమె సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఉండిపోయింది.

బట్టలు బాగుచేయడం ఆమె పని. పాంట్లు పొట్టి చేస్తుంది, కోట్లు వదులు చేస్తుంది, జిప్పులు మారుస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే కొట్టు, అదే మిషను. కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ ఒక అట్టపెట్టెలో పడేసేది. అవి ఇన్నాళ్లకు పనికొచ్చాయి. కోటు లోపలి బూడిదరంగు లైనింగు కాలువ అయింది. పాంట్ల అంచులు గట్లయ్యాయి. ఎవరిదో మోచేతి దగ్గర అరిగిపోయిన చొక్కా ముక్క బల్లకట్టు అయింది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టిన తాడును మాత్రం గొలుసుకుట్టుతో కుట్టింది. మూడుసార్లు విప్పింది. తాడు బిగువుగానే ఉండాలి, కానీ నడిమధ్యలో కొంచెం జారినట్టుండాలి. అదే కుదరలేదు. నాలుగోసారికి కుదిరింది. కుదిరినా ఆమెకేమీ అనిపించలేదు.

ఆ రోజు జరిగింది కూడా పెద్దగా ఏమీ లేదు.

స్టేషను బయట ఒకటే వీధి. ఒక సైకిళ్ల కొట్టు, తలుపులు మూసిన బేకరీ, ఒక టీ దుకాణం. వీధి కాలువ దగ్గర ఆగిపోయింది. వంతెన లేదు. పెద్దాయన ఒకాయన తాడు పట్టుకుని లాగుతూ బల్లకట్టు నడుపుతున్నాడు. ఆమె ఎక్కింది. అవతలి గట్టు వచ్చింది. దిగలేదు. అదే బల్లకట్టు మీద తిరిగి వచ్చింది. మళ్లీ వెళ్లింది.

నాలుగోసారి పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు.

"అవతల మీకేం పని లేదామ్మా?"

"లేదండీ."

"మరి ఇవతల?"

"ఇవతలా లేదు."

ఆయన కాస్త పక్కకు జరిగాడు. "అయితే ఆ తాడు పట్టండి. ఇద్దరం లాగితే నా భుజానికి కాస్త తెరిపి."

పట్టుకుంది. తాడు తడిగా, గరుకుగా ఉంది. అరచేతులు ఎర్రబడ్డాయి గానీ నొప్పి తెలియలేదు. పెద్దాయన తన మోకాలి గురించి చెప్పాడు. ఈ కాలువలో చేపలు లేవనీ, పట్టామని చెప్పుకునేవాళ్లు మాత్రం బోలెడుమంది ఉన్నారనీ చెప్పాడు. ఆమె ఊఁ కొట్టింది.

తర్వాత టీ దుకాణంలో కూర్చుంది. దుకాణం నడిపే ఆవిడకు బేరాల్లేవు. కబుర్లలోకి దిగింది.

"పిల్లలెంతమంది?"

"ఒక్కడే."

"ఏం చేస్తున్నాడు?"

"ఈమధ్యే ఉద్యోగంలో చేరాడు. వేరే ఊళ్లో గది తీసుకున్నాడు. వంట నేర్చుకుంటున్నాడు. గిన్నె మాడ్చేసి, నాకు ఫోన్ చేసి నన్నే తిడతాడు."

ఆవిడ పకపకా నవ్వింది. "మరి పెళ్లి?"

"ఇరవై నాలుగే కదండీ. తొందరేముంది?"

సంచిలో ఫోను రెండుసార్లు మోగింది. ఆమె తీయలేదు. రెండో టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఒంటిగంటన్నరకు ఇంకో రైలు వచ్చింది. ఎక్కింది.

పదకొండింటికల్లా ఉంటానన్న చోటికి రెండు దాటాక చేరింది. ఆలస్యమేమిటని అక్కడ ఎవరూ అడగలేదు. కుర్చీ చూపించారు. మంచినీళ్లు తెచ్చిచ్చారు.

పేటలోని లైబ్రరీవాళ్లు చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, గుడ్డచిత్రాన్ని చెల్లెలే పట్టుకుని, ఆమెను బలవంతాన వెంటబెట్టుకెళ్లింది. మధ్యలో రైలు దిగిన సంగతి చెల్లెలు చెబుతుంటే, లైబ్రేరియన్ దాన్ని బల్ల మీద పరిచి, కళ్లజోడు సవరించుకుని, కుట్టు కుట్టుకూ వేలు ఆనించి చూసింది.

"ఎంత హాయిగా ఉందండీ ఈ చోటు. నాకూ ఓసారి అలా దిగిపోవాలనిపిస్తోంది. బల్లకట్టు మీద ఈ ఎర్రముక్క మీరేనా?"

"నేనే."

"దిగడం లేదేం?"

ఆమె ఆ ఎర్రముక్క అంచున లేచిన దారాన్ని గోటితో అణిచింది. లైబ్రేరియన్ ఒక అట్టముక్క, పెన్ను ఇచ్చింది. "పేరు, వెళ్లిన తేదీ రాయండి. నెలా, సంవత్సరం చాలు."

ఆమె తారీకు కూడా రాసింది.

చెల్లెలు స్టూలెక్కి చిత్రాన్ని మేకుకు తగిలించింది. కిందికి దిగి, అట్టముక్క అందుకుని, అంటించబోతూ చదివింది. ఆ తారీకు ఇంట్లో ఎవరూ మరిచిపోలేనిది.

"అక్కా." గొంతు తగ్గించింది. "ఆ రోజు రైలు లేటయిందన్నావు కదా."

"లేటు కాలేదు," అంది ఆమె.

ఆ రోజు పొద్దున పోలీసులు ఆమెకు ఫోన్ చేసి, ఆస్పత్రి మార్చురీలో ఉన్నది మీ అబ్బాయేనో కాదో వచ్చి చూసి చెప్పమన్నారు.