కింది మీట ఐదుసార్లు

జోసెఫ్‌కి తెలియని సంగతంటూ ప్రపంచంలో లేదు. ఆ విషయం ప్రపంచానికే ఇంకా తెలియలేదు. అదే అతని భార్య గ్లోరీ కష్టం.

డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో తన ఇంటి ఫ్యాను అతనే బాగుచేశాడు. అప్పట్నుంచి అది వెనక్కి తిరుగుతోంది.

ఇప్పుడతని చెయ్యి కూతురి ఫోను మీద పడింది.

చాందినికి చూపు లేదు. మీటలున్న ఆ పాత సింబియన్ ఫోను తెర మీదున్నదంతా పైకి చదివి వినిపిస్తుంది. డిగ్రీ పాఠాలన్నీ ఆమె దాంట్లోనే వింటుంది. కొత్త సిమ్ వేశాక నెట్ రావడం లేదు. ఆదివారంలోగా నెట్ తగిలి ఆ చదివే ప్రోగ్రాం లైసెన్సు పొడిగించుకోకపోతే ఆ గొంతు ఆగిపోతుంది.

సోమవారం పరీక్ష.

పండరీ బజార్లో ఫోన్ల దుకాణంవాడు ఒక నంబరిచ్చాడు.

"ఈ ఫోన్లకి ఇంక అమ్మిరాజొక్కడే దిక్కు. మీ తెలుగాయనే. నేనెప్పుడూ చూళ్లేదు భాయ్, అంతా ఫోన్లోనే చెప్తాడు."

జోసెఫ్ తన ఫోన్లోంచి చేసి స్పీకరు పెట్టాడు.

"సోమవారం మా పాపకి పరీక్ష. జల్దీ చెప్పు."

"ఆ ఫోను పాప చేతికివ్వండి సార్. రెండు నిమిషాల పని."

"నేను చూస్తున్నాగా, చెప్పు."

"సరేనండి. కింది మీట ఐదుసార్లు, కుడికి రెండుసార్లు."

"ఈ లెక్కలెందుకు? ఏ బొమ్మ నొక్కాలో చెప్పు. నీలం గోళమా?"

"బొమ్మలూ రంగులూ నేను చెప్పలేనండి. కింది మీట ఐదు..."

"డాడీ, ఇటివ్వు, నేను నొక్కుతా," చాందిని చెయ్యి చాపింది.

"నువ్వాగమ్మా! అరే భాయ్, అసలీ ఫోను నువ్వెప్పుడైనా చూశావా?"



"లేదండి."

"విన్నావా గ్లోరీ? ఫ్రాడ్‌గాడు!"

జోసెఫ్ ఫోను పెట్టేశాడు. అది మళ్లీ మోగితే ఆ నంబరు బ్లాక్ చేశాడు.

ఆ ఫోను పట్టుకుని నాలుగు రోజులు ఊళ్లో దుకాణాలన్నీ తిరిగాడు. అందరూ టచ్ ఫోను కొనుక్కోమన్నారు.

సోమవారం తెల్లారి చాందిని మీటలు నొక్కింది. ఫోను పలకలేదు. మళ్లీ నొక్కింది. పరీక్షలో పక్కన కూర్చుని రాసిపెట్టే అమ్మాయికి సగం ప్రశ్నలకి ఏమీ చెప్పలేకపోయింది.

"ఇంక ఆ అమ్మిరాజుగారినే అడుగు," అంది గ్లోరీ. "నీ పరువు నేను పట్టుకుంటాలే, నువ్వు ఫోను చెయ్యి."

ఈసారి జోసెఫ్ స్పీకరు పెట్టలేదు. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"నేను తాయారమ్మనండి, ఆయన భార్యని. ఆయన శుక్రవారం పోయారు, గుండెపోటు. మీరు ఆ పరీక్ష పాప నాన్నగారా? ఆ రోజు పొద్దున కూడా మీకు పదిసార్లు చేశారు బాబూ. కలవలేదు."



"ఇంత తెలిసినాయన... ఆ బొమ్మేదో చెప్పేస్తే పోయేదిగా అమ్మా?"

ఆమె ఏదో చెప్పింది. ఆమె పెట్టేశాక కూడా జోసెఫ్ ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

తర్వాత కూతురి పక్కన కూలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "ఆయనకీ నీలాగే చూపు లేదంట."